జిల్లాలో ఉన్నా జిల్లాది కాని పరిశ్రమల కేంద్రం

చిన్న పరిశ్రమలకు ప్రభుత్వ సాయం గురించి రాసేవాళ్లు సాధారణంగా 1978 మే నెల దగ్గర మొదలుపెడతారు. జనతా ప్రభుత్వంలో పరిశ్రమల మంత్రిగా ఉన్న జార్జి ఫెర్నాండెజ్ జిల్లా పరిశ్రమల కేంద్రాలను (డీఐసీ) తెచ్చారని, అన్ని పనులూ ఒకే కప్పు కింద జరుగుతాయని ఆశపెట్టారని, కొన్నేళ్లకే అవి మామూలు సర్కారు ఆఫీసులైపోయాయని, ఆ లోటు పూడ్చడానికే ఇప్పుడు ఆన్‌లైన్ అనుమతులు వచ్చాయని చెబుతారు. ఈ కథలో స్థానిక సంస్థల ఊసు ఉండదు. ఉన్నా, పంచాయతీలకూ పరిషత్తులకూ డబ్బు లేదు, పరిజ్ఞానం లేదు, అందుకే ఈ పని వాటికి అప్పగించలేదన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. ఈ వివరణ నాకు తలకిందులుగా కనిపిస్తుంది. డబ్బు లేక పని అప్పగించలేదా, పని అప్పగించకపోవడం వల్లే డబ్బు రాలేదా అన్నది ముందు తేల్చుకోవాలి. ఆధారాలు రెండోవైపే మొగ్గుతున్నాయి. తమ ప్రాంతానికి ఒక సహాయ కేంద్రం కావాలనుకునే చిన్న పరిశ్రమల సంఘం ఈనాటికీ అర్జీ పట్టుకుని కలెక్టరు దగ్గరికో మంత్రి దగ్గరికో వెళుతుందే తప్ప, జిల్లా పరిషత్తు సర్వసభ్య సమావేశం గడప తొక్కాలని అనుకోదు. ఈ అలవాటు వెనుక ఒక చరిత్ర ఉంది.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే కనుక క్లుప్తంగా చెప్పుకుందాం. స్థానిక బోర్డులకు ఆర్థిక కార్యక్రమాలు చేతకావన్న అభిప్రాయం బ్రిటిష్ కాలం నాటికి కూడా నిజం కాదు. తంజావూరు జిల్లా బోర్డు సెస్సు వేసి కూడబెట్టిన సొమ్ముతో మాయవరం–ముత్తుపేట రైలు మార్గం 1894లో నడకకు వచ్చింది. రైలు మార్గం వేయించగలిగిన బోర్డుకు కార్ఖానాదారులకు సలహా చెప్పే ఆఫీసు నడపడం అసాధ్యమేమీ కాదు. కానీ 1919 సంస్కరణలు పరిశ్రమల శాఖను రాష్ట్ర మంత్రుల చేతిలో పెట్టాయి. ఆ తర్వాత వచ్చిన మద్రాసు పరిశ్రమల సహాయ చట్టం కూడా రుణం ఇచ్చే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వం దగ్గరే ఉంచింది. నిజాం రాజ్యంలో 1929లో ఏర్పడిన పారిశ్రామిక ట్రస్టు నిధిదీ ఇదే దారి, నిర్ణయాలన్నీ హైదరాబాదులోనే. స్వాతంత్ర్యం తర్వాత 1954లో ఫోర్డ్ ఫౌండేషన్ నిపుణుల బృందం ఇచ్చిన నివేదిక, 1955లో కార్వే కమిటీ ఇచ్చిన నివేదిక చిన్న పరిశ్రమలకు సేవా సంస్థలు కావాలని గట్టిగా చెప్పాయి. ఆ సంస్థలు వచ్చాయి కూడా. అవి కేంద్రానికి జవాబుదారీగా ఉండేవి.

1959తో కథ కొత్త మలుపు తిరిగి ఉండాల్సింది. ఆ ఏడాది అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. బ్లాకు స్థాయిలో ఏర్పడిన పంచాయతీ సమితికి వ్యవసాయం, పశుపోషణ, సహకారం, విద్యతో పాటు పరిశ్రమలకూ ఒక విస్తరణాధికారి ఉండేవాడు. ప్రజలు ఎన్నుకున్న సంస్థ కింద పనిచేస్తూ, ఊళ్లు తిరిగి, కుమ్మరికీ కమ్మరికీ నూనె గానుగ యజమానికీ దారి చూపాల్సిన ఉద్యోగి అతను. ఇప్పుడు మనం కోరుకుంటున్న సహాయ కేంద్రానికి బీజం అక్కడే ఉందని నా వాదన. ఆ బీజం ఎందుకు మొలకెత్తలేదని అడిగితే, గ్రామ రాజకీయాలు చెడగొట్టాయని చాలామంది రాశారు. రాజకీయాలు లేవని నేనూ అనను. కానీ సమితి చేతికి వచ్చిన సొమ్ము స్వరూపం చూడాలి. మొదటి దశ బ్లాకుకు అయిదేళ్లకు 12 లక్షలు, రెండో దశ బ్లాకుకు అయిదేళ్లకు 5 లక్షలు. ఏ పద్దుకు ఎంత ఖర్చు పెట్టాలో ముందే నమూనా బడ్జెట్టులో రాసి పంపేవారు. నేతపనివాళ్లు ఎక్కువగా ఉన్న సమితికీ, పొగాకు బ్యారన్లు ఉన్న సమితికీ ఒకే అచ్చు. పద్దు మార్చుకునే వీలు లేని సంస్థను చొరవ చూపలేదని తప్పుపట్టడం న్యాయం కాదు. రెండో దశ ముగిసేసరికి ఆ 5 లక్షలూ ఆగిపోయి, విస్తరణాధికారి జీతం తీసుకుంటూ చేయడానికి పని లేని ఉద్యోగిగా మిగిలాడు.

అదే కాలంలో, మన ప్రాంతంలోనే, ఇంకో దారి ఉందని చూపిన ప్రయోగం ఒకటి జరిగింది. 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాదు తరలివచ్చిన చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థ (సీట్) అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలండ్‌తో కలిసి కాకినాడ వ్యాపారులకు శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్ల కంటే చురుగ్గా కొత్త వ్యాపారాలు పెట్టారని, ఉన్నవి విస్తరించారని 1969లో మెక్‌లెలండ్, డేవిడ్ వింటర్ ప్రచురించిన గ్రంథం చెబుతుంది. ఆ ఫలితాన్ని వాళ్లు వ్యక్తి మనసులో కలిగిన సాధనా ప్రేరణకు ఆపాదించారు. మన పాఠ్యపుస్తకాలూ అదే మాట అప్పగిస్తాయి. దాన్ని పూర్తిగా కాదనే ఆధారం లేదు. అయితే శిక్షణకు వెళ్లినవాళ్లంతా ఒకే ఊరివాళ్లు, ఒకరికొకరు తెలిసినవాళ్లు, తిరిగొచ్చాక ఒకరి అడుగు ఒకరు గమనించగలిగినవాళ్లు. ఊరు అనే చట్రం ఆ ఫలితానికి ఎంత తోడ్పడిందో చూడాల్సి ఉండగా, శిక్షణ ఒక్కటే మిగిలి ఊరు మరుగున పడింది. తర్వాత దేశమంతా పాకిన వ్యవస్థాపక శిక్షణ తరగతులు ఎక్కడి వాళ్లనో ఒక గదిలో కూర్చోబెట్టి సర్టిఫికెట్టు ఇచ్చి పంపే పద్ధతికి దిగడంలో ఈ మరుపు పాత్ర తక్కువేమీ కాదు.

ఇక అసలు వివాదం ఉన్న ఘట్టం 1977 డిసెంబరు. ఆ నెలలో జనతా ప్రభుత్వం జిల్లా గురించి రెండు నిర్ణయాలు చేసింది. డిసెంబరు 12న పంచాయతీరాజ్ సంస్థల పునరుద్ధరణకు అశోక్ మెహతా కమిటీని వేసింది. డిసెంబరు 23న పారిశ్రామిక విధాన ప్రకటన చేస్తూ, చిన్న పరిశ్రమల అభివృద్ధికి కేంద్ర స్థానం నగరాల నుంచి, రాష్ట్ర రాజధానుల నుంచి జిల్లా కేంద్రాలకు మారాలని చెప్పింది. చిన్న రంగానికి కేటాయించిన వస్తువుల జాబితా కూడా 180 నుంచి 500 దాటింది. రెండు నిర్ణయాల లక్ష్యమూ జిల్లాయే. కానీ రెండు ఫైళ్లూ వేర్వేరు శాఖల్లో, వేర్వేరు గతుల్లో నడిచాయి. పరిశ్రమల కేంద్రాలు 1978 మే నెలలో మొదలయ్యాయి. జిల్లా స్థాయి అభివృద్ధి బాధ్యతలు జిల్లా పరిషత్తు కిందికి రావాలని చెప్పిన మెహతా కమిటీ నివేదిక ఆగస్టులో వచ్చింది. అప్పటికే కొత్త ఆఫీసుకు జనరల్ మేనేజరు, ఆయన కింద ఆర్థిక సర్వే, యంత్రాలు, ముడిసరుకు, రుణాలు, మార్కెటింగ్ వంటి విభాగాలకు ఏడుగురు మేనేజర్లు అన్న నమూనా ఖాయమైంది. డబ్బు కూడా పైనుంచే వచ్చింది. భవనానికి 2 లక్షలు, సామగ్రికీ వాహనాలకూ 3 లక్షలు, నిర్వహణ ఖర్చులో 75 శాతం చొప్పున ఏడాదికి 3.75 లక్షలకు మించకుండా కేంద్రం భరించేది, మిగతాది రాష్ట్రం. జిల్లా పరిషత్తు వాటా అన్న గడి ఆ పట్టికలోనే లేదు. వాటా అడగని సంస్థకు మాట చెల్లించుకునే హక్కూ ఉండదు. తర్వాతి నలభై ఏళ్ల కథను ఈ ఒక్క లోపమే నడిపిందని నేను భావిస్తున్నాను.

దీనికి బలమైన ఆక్షేపణలు ఉన్నాయి. ఆనాడు చిన్న పరిశ్రమకు ఇనుము, బొగ్గు, దిగుమతి సరుకు కోటాల మీద వచ్చేవి. ఆ కోటాలు రాష్ట్ర, కేంద్ర స్థాయుల్లో తేలేవి కనుక జిల్లా పరిషత్తు ఏమీ చేయలేదన్నది మొదటిది. కోటాల మేరకు అది నిజమే. కానీ స్థలం, నీరు, షెడ్డు, లైసెన్సు, బ్యాంకు మేనేజరుతో మాట సాయం, స్థానిక గిరాకీ అంచనా కోటాలతో సంబంధం లేని పనులు. చిన్న కార్ఖానాదారు కాళ్లరిగేలా తిరిగేది ఎక్కువగా వీటి కోసమే. రెండోది ఇంకా గట్టిది. ఆంధ్రప్రదేశ్‌లో 1970ల రెండో సగంలో సమితుల, పరిషత్తుల ఎన్నికలు వాయిదా పడుతూ 1981 దాకా జరగలేదు. ఎన్నికైన పాలకవర్గమే లేని పరిషత్తుకు కొత్త కేంద్రాన్ని ఎలా అప్పగిస్తారు? దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఆనాటికి తాత్కాలిక ఏర్పాటు తప్పదు. అయితే 1981లో కేంద్రాల నిర్మాణాన్ని మళ్లీ మార్చి, ఏడుగురు మేనేజర్లను నలుగురికి తగ్గించి, అవసరాన్ని బట్టి ముగ్గురి దాకా ప్రాజెక్టు మేనేజర్లను చేర్చినప్పుడు ఆ తాత్కాలికాన్ని సరిదిద్దే అవకాశం వచ్చింది. ఎవరూ వాడుకోలేదు. అంతకు ముందే, 1980 జూలై విధాన ప్రకటనలో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఈ కేంద్రాలు పెట్టిన ఖర్చుకు తగ్గ ఫలితం ఇవ్వలేదని తీర్పు చెప్పింది. రెండేళ్లు నిండిన సంస్థ మీద ఆ తీర్పు తొందరపాటు. పైగా ఆ ప్రభుత్వం రోగం ఎక్కడుందో చూడకుండా సిబ్బంది పట్టికను మాత్రమే మార్చింది.

1986లో ఎన్.టి. రామారావు సమితులను రద్దు చేసి మండలాలు తెచ్చినప్పుడు పాలన ఊరికి దగ్గరైంది. రెవెన్యూ పనులకు సంబంధించి ఆ మేలు ఎవరూ కాదనలేరు. పరిశ్రమల విషయంలో మాత్రం మండలానికి ఏమీ దక్కలేదు. క్షేత్రంలో తిరిగే పారిశ్రామిక ప్రోత్సాహక అధికారి డీఐసీ జనరల్ మేనేజరుకే లోబడి ఉన్నాడు. ఇక 1993లో జరిగింది గమనించదగ్గది. ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పదకొండో షెడ్యూలులో ఆహార శుద్ధితో సహా చిన్న తరహా పరిశ్రమలను 8వ అంశంగా, ఖాదీ, గ్రామీణ, కుటీర పరిశ్రమలను 9వ అంశంగా చేర్చి, వీటిని పంచాయతీలకు అప్పగించవచ్చని చెప్పింది. సరిగ్గా ఆ ఆర్థిక సంవత్సరంలోనే కేంద్రం జిల్లా పరిశ్రమల కేంద్రాల పథకాన్ని వదులుకుంది. వదిలింది రాష్ట్రాలకు. పేరులో జిల్లా ఉన్న సంస్థ జిల్లా పరిషత్తు తల మీదుగా రాష్ట్ర సచివాలయానికి చేరింది. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద జిల్లా పరిషత్తుకు ఏడు స్థాయీ సంఘాలు ఏర్పడ్డాయి. కుటీర, గ్రామీణ, చిన్న పరిశ్రమలు గ్రామీణాభివృద్ధి సంఘం పరిధిలోకి వస్తాయి. చట్టంలో చోటు ఉంది. ఆ సంఘం ముందుకు వచ్చే జనరల్ మేనేజరు ప్రగతి నివేదిక చదివి వెళతారు, ఆయన బడ్జెట్టు మీద గానీ బదిలీ మీద గానీ సభ్యులకు ఏ పట్టూ లేదు. పరిషత్తు సాధారణ నిధిలో ఎస్సీలకు 15 శాతం, ఎస్టీలకు 6 శాతం, మహిళా శిశు సంక్షేమానికి 15 శాతం అని లెక్కకట్టి కేటాయిస్తారు. ఇవి న్యాయమైనవే. చిన్న పరిశ్రమ పేరున మాత్రం ఏ వాటా లేదు. పట్టణాల పరిస్థితి ఇంకా తీసికట్టు. మెకానిక్ షెడ్లూ లేతు మిషన్లూ ఎక్కువగా ఉన్నది పట్టణాల్లోనే అయినా, మున్సిపాలిటీలకు వర్తించే పన్నెండో షెడ్యూలులోని 18 అంశాల్లో చిన్న పరిశ్రమ అన్న మాటే లేదు.

వర్తమానాన్ని ఈ వెలుగులో చూస్తే మెచ్చుకోదగ్గవి కొన్ని ఉన్నాయి. తెలంగాణలో 2014 నాటి టీఎస్–ఐపాస్ చట్టం అనుమతుల జాప్యాన్ని తగ్గించింది. 2020 జూలై నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇంటి నుంచే చేసుకోవచ్చు. కానీ అనుమతి వేగంగా రావడం వేరు, అనుమతి వచ్చాక నిలదొక్కుకోవడానికి పక్కన ఒకరు ఉండటం వేరు. రిజిస్ట్రేషన్ పని ఆన్‌లైన్‌కు మళ్లాక డీఐసీకి ప్రధానంగా మిగిలింది సబ్సిడీ దరఖాస్తుల పరిశీలన. పంచాయతీకి మిగిలింది అభ్యంతరం లేదన్న పత్రం ఇవ్వడం. ఆంధ్రప్రదేశ్‌లో నియోజకవర్గానికొకటి చొప్పున 175 ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) పార్కులు పెడతామంటున్నారు. ఆలోచన మంచిదే, కానీ ప్రమాణంగా తీసుకున్నది ఎమ్మెల్యే నియోజకవర్గాన్ని, మండల పరిషత్తునో మున్సిపాలిటీనో కాదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయినప్పుడు కూడా కలెక్టరేట్లు పెరిగాయి గానీ పరిషత్తులు పాత 13గానే ఉండిపోయాయి. పారిశ్రామిక వాడల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది మౌలిక వసతుల సంస్థకు చెందిన స్థానిక అథారిటీ. అందులో కొంత భాగమే పంచాయతీకి చేరుతుంది. తన పరిధిలో పరిశ్రమ పెరిగితే తనకు పెద్దగా ఒరిగేది లేని సంస్థ దాని కోసం ఖర్చు పెట్టదు. దీన్ని స్థానిక సంస్థల ఉదాసీనత అనడం సరికాదు.

స్థానిక సంస్థలకు ఇస్తే దుర్వినియోగం అవుతుందనేవాళ్లకు కేరళను చూపాలి. 1996 ప్రజా ప్రణాళిక ఉద్యమంతో ప్రణాళికా నిధుల్లో మూడో వంతుకు పైగా స్థానిక సంస్థలకు మళ్లించిన ఆ రాష్ట్రం, 2022–23ను వ్యవస్థాపక సంవత్సరంగా ప్రకటించి స్థానిక సంస్థల్లో ఇంటర్న్‌లను నియమించి, సహాయ కేంద్రాలు తెరిచింది. ఏడాదిలో లక్ష సంస్థల లక్ష్యం దాటామని అక్కడి ప్రభుత్వం చెప్పుకుంది. వాటిలో ఎన్ని నిజంగా కొత్తవి, ఎన్ని నిలుస్తాయి అన్న వాదన అక్కడే నడిచింది, ఆ సందేహం తీసిపారేయదగ్గది కాదు. అయినా కొత్తగా దుకాణమో కార్ఖానానో పెట్టాలనుకున్నవాడికి పంచాయతీ ఆఫీసులోనే ఒక మనిషి దొరికాడన్నది కాదనలేని సంగతి. మన దగ్గర ఆ మనిషిని పెట్టడానికే అడ్డు ఉంది. 15వ ఆర్థిక సంఘం గ్రాంటుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టి, మిగిలిన 40 శాతాన్ని పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో దేనికైనా స్థానిక అవసరాన్ని బట్టి వాడుకోనిచ్చింది, జీతాలకు, సిబ్బంది ఖర్చులకు తప్ప. అంటే సహాయ కేంద్రానికి గది కట్టవచ్చు, బల్లలు వేయవచ్చు, ఖాతా పుస్తకం రాయడం నేర్పే మనిషికి నెల జీతం ఇవ్వకూడదు. చిన్న పరిశ్రమల సంఘాలు కోరాల్సింది ఈ మినహాయింపులో సడలింపు, పారిశ్రామిక వాడల పన్నులో పెద్ద వాటా, డీఐసీ బడ్జెట్టు గ్రామీణాభివృద్ధి స్థాయీ సంఘం ఆమోదం మీదుగా రావడం. మొదటిది కేంద్రం చేతిలో ఉంది. మిగతా రెండూ రాష్ట్రాలు తమంతట తాము చేయగలిగినవి, వాటికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు.