ఇలక్కియంపట్టి మంట

2000 ఫిబ్రవరి 2. కొడైకెనాల్‌లోని ప్లెజెంట్ స్టే హోటల్ కేసులో అన్నాడీఎంకే నాయకురాలు జయలలితకు ఏడాది జైలుశిక్ష పడిందన్న కబురు తమిళనాడంతా పాకింది. అన్నాడీఎంకే కార్యకర్తలు ఊరూరా రోడ్డెక్కారు. ధర్మపురి పక్కన ఇలక్కియంపట్టిలో రాస్తారోకో. విజ్ఞానయాత్రకు వెళ్లిన కోయంబత్తూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విద్యార్థుల బస్సు అక్కడ చిక్కుకుంది. కొందరు పెట్రోలు పోసి నిప్పంటించారు. విద్యార్థుల్లో చాలామంది ఎలాగో బయటపడ్డారు. బస్సు వెనకభాగంలో ఉండిపోయిన ముగ్గురు ఆడపిల్లలు సజీవంగా కాలిపోయారు. ఆ తీర్పుతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు.

ఈ ఉన్మాదం ఒక్కరోజులో పుట్టింది కాదు. 1967లో తూటా తగిలిన తమిళ సినీతార ఎంజీఆర్ మెడకట్టుతో ఉన్న ఫోటో గోడలెక్కి ఓట్లు తెచ్చింది. 1972లో ఆయన పెట్టిన అన్నాడీఎంకే పార్టీకి ఊరూరా ఉన్న అభిమాన సంఘాలే పునాది. 1987లో ఆయన పోయినప్పుడు ఆ దుఃఖం కొందరి ప్రాణాలే తీసింది. ‘మనుషులు మమతలు’తో తెలుగువారికీ పరిచయమైన జయలలితకు ఆ ఆరాధన వారసత్వంగా దక్కింది. మనకూ ఇది కొత్త కాదు. వెండితెర దేవుణ్ణి 1983లో ముఖ్యమంత్రిని చేసుకున్నవాళ్లం.

అభిమానికి తారతో ఉన్న చుట్టరికం ఒకవైపుదే. తార అతణ్ణి ఎరగదు. అందుకే కటౌట్, పాలాభిషేకం, రాస్తారోకో అన్నీ నలుగురి కంట పడాలి. భక్తి ఎంత బాహాటంగా కనబడితే ఊళ్లో గుర్తింపు, పార్టీలో పదవి అంత దగ్గర. పక్కవాడికంటే ఒక మెట్టు ఎక్కువ చూపాలన్న ఆ పోటీయే చివరికి పెట్రోలు డబ్బా అందుకుంది.

జయలలిత పై కోర్టులో 2001 డిసెంబరులో నిర్దోషిగా తేలారు. బస్సు కేసు మాత్రం కుంటుతూ నడిచింది. సాక్షులు మాట మార్చారు. కూతుర్ని పోగొట్టుకున్న ఒక తండ్రి కోర్టు మెట్లెక్కాక విచారణ సేలంలో మళ్లీ మొదలైంది. 2007లో ముగ్గురు కార్యకర్తలకు ఉరిశిక్ష పడింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2016లో, అది గుంపు ఆవేశంలో జరిగిన పనే తప్ప ముందే పన్నిన హత్య కాదంటూ యావజ్జీవంగా మార్చింది. వాళ్లూ ఎవరి మెప్పు కోసమో యౌవనాన్ని జైల్లో పారబోసుకున్నవాళ్లే. ఆ ఏడాది డిసెంబరులో జయలలిత కన్నుమూశారు.

2018 నవంబరులో ఆ ముగ్గురూ విడుదలయ్యారు. ఎంజీఆర్ శతజయంతి సందర్భంగా ఖైదీలకు ప్రభుత్వం ఇచ్చిన క్షమాభిక్ష అది. ఒక తార పేరు మీద రాజుకున్న మంటకు మరో తార పేరు మీద మాఫీ దొరికింది. బిడ్డల్ని పోగొట్టుకున్న ఆ మూడిళ్లకు ఏ శతజయంతీ ఏమీ తిరిగివ్వలేదు.