ఇంటర్వెల్లో అమ్మిన చరిత్ర

మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ను ఇవాళ చూద్దామంటే ప్రింటు లేదు. హెచ్.ఎం. రెడ్డి తీశారనీ, సురభి వాళ్లు నటించారనీ, పాటలు చందాల కేశవదాసు రాశారనీ మనకు తెలిసిందంతా కాగితాల పుణ్యమే. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం చెప్పుకున్నాం. పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత కాగితాలు తవ్వితీసి, అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. ఆ రోజుల నైట్రేట్ ఫిల్ము నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది. కాగితం అలా కాదు, చెదలు తిన్నా ఏదో ఒక ముక్క మిగులుస్తుంది.

సినిమా కాగితాల్లోకెల్లా చవకది, జనం చేతుల్లో బాగా నలిగింది పాటల పుస్తకం. విజయవాడలో లెటర్ ప్రెస్ కంపోజిటర్‌గా బతికినవాణ్ణి కాబట్టి దాని గుట్టు నాకు కొంత తెలుసు. అట్ట మీద హీరో హీరోయిన్ల బ్లాకు, లోపలి పేజీలో నటీనటులు, సాంకేతిక నిపుణుల పట్టీ, తర్వాత కథాసంగ్రహం. హీరోయిన్ కష్టాలు ముదిరి, విలన్ చేతికి చిక్కిందనగానే కథ ఆగిపోయేది. మిగతాది వెండితెర మీద చూసుకోమనేవాళ్లు. సినిమా సగం అయ్యాక ఇంటర్వెల్లో కొనుక్కునే పుస్తకంలోనూ అదే మాట! అక్కడి నుంచి పాటలు. సోడాలు, పల్లీలు అమ్మే కుర్రాళ్లే వీటినీ చంకలో పెట్టుకుని నేల టికెట్ వాళ్ల మధ్యకొచ్చేవాళ్లు. అణాల కాలంలో అణా, బేడ. 1957లో నయాపైసలు వచ్చాక మెల్లగా పావలా, అర్ధరూపాయి.

అసలు పాటల పుస్తకాలు ఎక్కువగా మద్రాసులోనే అచ్చయ్యేవి, సినిమా అక్కడే కదా. మా బోటి ప్రెస్సులకు దక్కింది రెండో పంట. ఘంటసాల పాటలు, సుశీల పాటలు, ఎన్టీఆర్ హిట్స్, ఏఎన్నార్ విషాదగీతాలు అంటూ బస్టాండుల్లో, తిరునాళ్లలో అమ్మే సంకలనాలు. అనుమతులు ఎవరడిగారు, ఎవరిచ్చారు అని నన్నడక్కండి.

పాటను కంపోజు చేయడం కథను చేసినంత తేలిక కాదు. కథలో అక్షరాలు కలగలిసి వస్తాయి. పాటలో ప్రాస కోసం అదే అక్షరం, అదే ఒత్తు పదేపదే వస్తుంది. మూడో పాటకు వచ్చేసరికి సీసపు అక్షరాల కేసులో ‘ల’ వత్తులు నిండుకునేవి. అచ్చయిన ఫారం విప్పి, టైపు మళ్లీ గళ్లలో వేసుకుంటే తప్ప పని సాగేది కాదు. ప్రతి చరణం చివరా పల్లవి మొత్తం వేయకుండా, దాని మొదటి మాటను రెండు నిలువు గీతల మధ్య పెట్టి వదిలేసే పద్ధతి పాటల పుస్తకం చదివిన ప్రతివాడికీ గుర్తుంటుంది. దానివల్ల చోటూ మిగిలేది, టైపూ మిగిలేది. డెమ్మీ షీటు మడిస్తే పదహారు పేజీలు. పాటలు అందులో ఇమడకపోతే కోత పడేది కథాసంగ్రహానికే. పాటలో చెయ్యి పెడితే అభిమాని ఊరుకోడు. ప్రూఫులో తప్పు దొర్లితే మాత్రం ఆ తప్పుతోనే ఊరూరా పాడేవాళ్లు.

ఇంత గిరాకీ ఎందుకంటే, పాట మళ్లీ వినడం ఆ రోజుల్లో అంత సులువు కాదు. గ్రామఫోను ఉన్న ఇల్లు ఊరికి ఒకటో రెండో. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకే నడిచేది. ఆకాశవాణి ఉందిగా అంటారా? 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రి బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని ఉద్ధరించే పట్టుదలతో సినిమా పాటకు కత్తెర వేశారు. శ్రోతలు సముద్రం దాటి రేడియో సిలోన్ పట్టుకున్నారు. ఆ ఏడాది డిసెంబరులోనే అమీన్ సయానీ ‘బినాకా గీత్‌మాలా’ మొదలైంది. తర్వాతి కాలంలో అక్కడి తెలుగు అనౌన్సరు మీనాక్షీ పొన్నుదురై గొంతు కోసం తెలుగువాళ్లు కొలంబో స్టేషనుకు ముల్లు తిప్పారు. చివరికి ఇక్కడ ఆకాశవాణి పట్టుదల సడలి, 1957 అక్టోబరు 3న వివిధ భారతి వచ్చింది. రేడియోలో పాట వస్తుంటే ఒళ్లో పుస్తకం తెరిచి గొంతు కలపడం ఆ తరానికి సంగీత పాఠం.

పాటల పుస్తకం చేసిన అసలు మేలు పేర్లు నిలపడం. మొదటి టాకీల్లో నటులే పాడేవాళ్లు కనుక పాట ఎవరిదన్న ప్రశ్నే లేదు. నేపథ్యగానం వచ్చాక తెరమీది మొహం వేరు, గొంతు వేరు అయ్యాయి. 1949 నాటి హిందీ ‘మహల్’లో లతా మంగేష్కర్ పేరు మార్మోగించిన పాటకు రికార్డు మీద మొదట పడ్డ పేరు లతది కాదు, ‘కామిని’. మధుబాల వేసిన పాత్ర పేరది! ఇక పాట రాసిన కవిని పట్టించుకునేదెవరు? పాటల పుస్తకం పట్టించుకుంది. ‘మల్లీశ్వరి’ (1951)తో దేవులపల్లి కృష్ణశాస్త్రి సినిమాలోకి వచ్చారనీ, ‘గులేబకావళి కథ’ (1962)లో పాటలన్నీ సినారెవే అనీ కాలేజీ మెట్లెక్కనివాడికి కూడా తెలిసింది దాని వల్లే. ‘అల్లూరి సీతారామరాజు’ (1974) పాటకు శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వచ్చినప్పుడు, ‘మహాప్రస్థానం’ చదవనివాళ్లు కూడా మనవాడికొచ్చిందని పొంగిపోయారంటే కారణం అదే.

అలాగని అందులో అచ్చయినదంతా వేదం కాదు. ‘దేవదాసు’ (1953) పాటల రచయితగా పడ్డ పేరు సముద్రాల సీనియర్‌ది. వాటిలో మల్లాది రామకృష్ణశాస్త్రి చెయ్యి ఉందన్న మాట మాత్రం నేటికీ నడుస్తూనే ఉంది. ‘మాయాబజార్’ (1957)కు సాలూరి రాజేశ్వరరావు కొన్ని బాణీలు కట్టి తప్పుకుంటే మిగతా పని ఘంటసాల పూర్తిచేశారు. పేరు మాత్రం ఘంటసాలదే పడింది. పుస్తకం నిర్మాత ఇచ్చిన పట్టీని అచ్చువేస్తుంది, తెరవెనుక సంగతులు దానికి పట్టవు. అయినా వాదించుకోవడానికైనా ముందు ఒక పట్టీ ఉండాలి కదా!

ఈ కాగితాలతో చరిత్ర కట్టొచ్చని చూపించింది పండితులు కాదు, అభిమానులు. కాన్పూరు వాసి హర్‌మందిర్ సింగ్ ‘హమ్‌రాజ్’ 1931 నుంచీ వచ్చిన హిందీ సినిమా పాటలను ఏరి, దశాబ్దానికొక సంపుటంగా ‘హిందీ ఫిల్మ్ గీత్ కోశ్’ కూర్చారు. డెబ్భై దాకా పాటలున్న ‘ఇంద్రసభ’ (1932) లాంటి సినిమాల లెక్కలు అందులో దొరుకుతాయి. మనకు వి.ఎ.కె. రంగారావు ఉన్నారు. గ్రామఫోను రికార్డులు వేలల్లో పోగేసి, ‘ఆలాపన’ పేరుతో ఒక్కో పాటకూ పుట్టుపూర్వోత్తరాలు రాశారు. సినిమా పిచ్చి అని ఇంట్లోవాళ్లు తిట్టిన పని చివరికి పరిశోధనకు పునాది అయింది.

1980ల్లో క్యాసెట్ ఇంటింటికీ చేరాక మా సంకలనాల గిరాకీ పడిపోయింది, లెటర్ ప్రెస్సును ఆఫ్‌సెట్ మింగేసింది. ఇప్పుడు పాట ఫోన్లో క్షణంలో వస్తుంది. గాయకుడి పేరుంటుంది, హీరో బొమ్మ ఉంటుంది, రాసినవాడి పేరు చాలాచోట్ల వెతుక్కోవాలి. చంద్రబోస్ 2023లో ఆస్కార్ వేదిక ఎక్కితే తప్ప పాట రాసింది ఎవరో తెలుసుకోనివాళ్లు మనలో ఎంతమంది!

ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో ఈ పుస్తకాలు ఇంకా అప్పుడప్పుడు తగులుతుంటాయి. అట్టమీద బొమ్మ ముచ్చటగా ఉందని కొని, చించి ఫ్రేము కట్టించుకునేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి. మీ ఇంటి అటక మీద ఒక్కటున్నా పేజీ వదలకుండా స్కాన్ తీయండి. ముఖ్యంగా నటీనటులు, సాంకేతిక నిపుణుల పట్టీ ఉన్న పేజీని వదలొద్దు. ఆ తర్వాత పుస్తకాన్ని వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయానికో, పూనా ఫిల్మ్ ఆర్కైవ్‌కో ఇస్తామని ఒక ఉత్తరం రాయండి. తీసుకుంటే సంతోషం, లేదంటే మీ దగ్గరే భద్రంగా ఉంచండి. తూకానికి మాత్రం వేయకండి.