పసివాడి కోపం - న్యూహేవెన్ బడులు

కోపం వచ్చిన పిల్లవాణ్ణి పంతులు ఏం చేయాలి? మన వీధిబడి ఈ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పింది: తొడపాశం, గోడకుర్చీ, మరీ మొండికేస్తే కోదండం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను వీటన్నిటినీ నిషేధించింది. బెత్తం ఖాళీచేసిన చోటికి ఇప్పుడొక కొత్త పదజాలం వచ్చి కూర్చున్నది: భావోద్వేగ నియంత్రణ, సామాజిక నైపుణ్యాలు. ఇవి ఏ మనస్తత్వశాస్త్ర ప్రయోగశాలలోనో పుట్టాయని చాలామంది అభిప్రాయం. కాని వీటి చరిత్రలో ఒక ముఖ్యఘట్టం అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో, పేద నల్లజాతి పిల్లలు చదివే రెండు ప్రాథమిక పాఠశాలల్లో జరిగింది.

యేల్ విశ్వవిద్యాలయం వెలిగే ఊరది. 1967 ఆగస్టులో అక్కడి నల్లజాతి వాడలు భగ్గుమన్నాయి. మరుసటి యేడు యేల్ శిశు అధ్యయన కేంద్రానికి చెందిన డాక్టర్ జేమ్స్ కోమర్ ఆ బడుల్లో పని ప్రారంభించాడు. ఆయన ఉక్కుకార్మికుని కొడుకు. తల్లి ఇళ్లల్లో పనిచేసేది. చిన్ననాడు తనతో చదివిన ముగ్గురు స్నేహితుల్లో ఒకడు తాగుడుకు బలయ్యాడు, ఒకడు జైలుపాలయ్యాడు, మరొకడు మానసిక చికిత్సాలయాల పాలయ్యాడు. తెలివిలో తనకు తీసిపోనివాళ్లకు ఆ గతి ఎందుకు పట్టిందన్న ప్రశ్నే ఆయనను బడికి నడిపించింది.

1969లో పట్టణంలోని 33 ప్రాథమిక పాఠశాలల్లో చదువులో అట్టడుగు స్థానాలు ఈ రెంటివే. నాలుగో తరగతికి వచ్చేసరికి పిల్లలు ఏడాదిన్నర వెనకబడి ఉండేవారు. మొదటి సంవత్సరమంతా గందరగోళంగా గడిచింది. తల్లిదండ్రులు తిరగబడినంత పనిచేశారు.

కోమర్ తరవాత రాసిన ఒక వ్యాసంలో ఒక ఉదంతం ఉంది. నార్త్ కరొలైనా పల్లెనుంచి ఎనిమిదేళ్ల కుర్రవాడు కొత్తగా ఆ ఊరు వచ్చాడు. బంధువురాలు తాను పనికి పోతూ పోతూ వాణ్ణి బడిలో దించి వెళ్లింది. ఇలా నడుమ వచ్చిపడే పిల్లలతో అప్పటికే విసిగిన టీచరు ముఖంలో చిరాకు కనిపించింది. వాడు ఆమె కాలిమీద ఒక తన్ను తన్ని బయటికి పరుగెత్తాడు. మామూలు బడిలో అయితే హెడ్మాస్టరు గది, శిక్ష, పిల్లలందరి నవ్వు, మళ్లీ తన్ను. ఇక్కడ సిబ్బంది కూర్చుని ఆ దృశ్యాన్ని వాడి కళ్లతో చూడ ప్రయత్నించారు. ఊరు కొత్త, అయినవాళ్లు దూరం, ఎదుట నిలిచిన మనిషికి తన రాక ఇష్టంలేదు. తన్నడమో పారిపోవడమో తప్ప ఆ ప్రాణానికి దారేమున్నది? దరిమిలా కొత్తగా చేరే పిల్లల్ని ఆదరించి బడికి అలవాటుచేసే ఏర్పాట్లు జరిగాయి.

ఇది ఒక మంచి టీచరు దయాగుణంవల్ల జరిగిన పని కాదు. హెడ్మాస్టరు, ఉపాధ్యాయుల ప్రతినిధులు, తల్లిదండ్రుల ప్రతినిధులు, మానసిక ఆరోగ్య నిపుణుడు, బోధనేతర సిబ్బంది కలిసిన కమిటీ ఒకటి బడిని నడిపేది. తప్పెవరిదని తవ్వకూడదు, ఏకాభిప్రాయంతో తీర్మానించాలి, హెడ్మాస్టరు చేతులు కట్టివేయకూడదు - ఇవీ నియమాలు. తరవాత రూపొందిన సామాజిక నైపుణ్యాల పాఠ్యక్రమంలో రాజకీయాలు, ఆర్థిక వ్యవహారాలు కూడా భాగాలే. మేయరు ఎన్నికలు వచ్చినప్పుడు అభ్యర్థులకు ఉత్తరాలు రాసి బడికి పిలిపించారు. అతిథుల్ని ఆదరించే తీరు పిల్లలు అప్పుడే నేర్చుకున్నారు. తల్లిదండ్రులు డబ్బు పోగుచేసి బస్సు అద్దెకు తీసుకుని ఊరంతా తిప్పారు. వాడల స్థితిగతులకూ ప్రభుత్వానికీ గల సంబంధం చర్చకు వచ్చింది. వంతు కోసం ఆగడం, బెరుకు దిగమింగి నలుగురిలో మాట్లాడడం పిల్లలకు అక్కర పడ్డచోటనే అబ్బాయి.

నడుమ ఒక బడి తప్పుకోగా అదే కోవకు చెందిన మరొకటి చేరింది. 1984 నాటికి ఆ రెండు బడుల నాలుగో తరగతి పిల్లలు పట్టణంలో మూడు, నాలుగు స్థానాల్లో నిలిచారు. పిల్లల పేదరికం మాత్రం అలాగే ఉన్నది.

కోమర్ విప్లవవాది కాడు. పేదబిడ్డను నిచ్చెన ఎక్కించాలనుకున్నాడేగాని నిచ్చెనను ప్రశ్నించలేదు. ఆ విమర్శ ఉండనే ఉన్నది. అయితే తరవాత ఈ విద్య ప్రచారమైన తీరు మరీ విచిత్రం. 1995లో డేనియల్ గోల్‌మన్ భావోద్వేగ ప్రజ్ఞపై రాసిన పుస్తకం ప్రపంచమంతా అమ్ముడుపోయింది. 1998లో ఆయనే దాన్ని ఉద్యోగరంగానికి అన్వయిస్తూ మరొకటి రాశాడు. కోపాన్ని మింగగల ఉద్యోగి యజమానికెంత సుఖమో వేరే చెప్పాలా? ఆ ప్రచారంలో కమిటీ వెనక్కి పోయింది. ఊపిరి లెక్కపెట్టుకునే ఒంటరి పిల్లవాడు ముందుకు వచ్చాడు.

2018 జులైలో ఢిల్లీ ప్రభుత్వం తన బడుల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా ధ్యానానికీ, కథలకూ, కృత్యాలకూ పీరియడు కేటాయిస్తూ ఆనంద పాఠ్యక్రమం ప్రవేశపెట్టింది. దాన్ని నేను ఎగతాళి చేయను. బెత్తం కంటె వెయ్యిరెట్లు నయం. కాని విద్యాహక్కు చట్టంలోనే 21వ సెక్షను కూడా ఉన్నది. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులూ సంరక్షకులూ ఉండాలనీ, సభ్యుల్లో సగంమంది స్త్రీలు కావాలనీ అది శాసించింది. నేను కూర్చున్న సమావేశాల్లో ప్రహరీగోడ చర్చకు వచ్చింది, మధ్యాహ్న భోజనం వచ్చింది, మరుగుదొడ్ల మరమ్మతు వచ్చింది. కొత్తగా చేరిన పిల్లవాడు ఎందుకు తన్నాడన్న ప్రశ్న ఇంతవరకు రాలేదు.