మంచు లేని నదులు

"మీకేం గురూ, మీ నదులకి కరగడానికి అసలు మంచే లేదు కదా!" మొన్న లంచ్ దగ్గర మా టీమ్‌లోని డెహ్రాడూన్ అబ్బాయి అన్నాడు. నిజమే కదా అనుకున్నా. కానీ ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. మాది తాండూరు మరి.

ముందు వాళ్ళ సంగతి చూద్దాం. హిమానీనదం అంటే ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది. చలికాలంలో మంచు జమవుతుంది, ఎండాకాలంలో వడ్డీలా కరిగి గంగకి నీళ్ళొస్తాయి. వేడి పెరిగితే అసలు కూడా కరగడం మొదలవుతుంది. కొన్నేళ్ళు ప్రవాహం పెరుగుతుంది, ఆ తర్వాత తగ్గుతూ పోతుంది. ఈలోగా కరిగిన నీళ్ళు కొండల మీద సరస్సులై నిలుస్తాయి. 2023 అక్టోబర్‌లో సిక్కింలో అలాంటి దక్షిణ ల్హోనాక్ సరస్సు తెగి, దిగువన తీస్తా మీదున్న చుంగ్‌తాంగ్ డ్యామ్‌ని ఊడ్చేసింది.

ఇక మన సంగతి. అనంతగిరి కొండల్లో కురిసిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వైపు మూసీ అయి వికారాబాద్ నుంచి హైదరాబాద్ మీదుగా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. పడమటి వైపు కాగ్నా అయి మా తాండూరు పక్కనుంచి కర్ణాటకలోకి వెళ్ళి భీమలో కలుస్తుంది, భీమ మళ్ళీ కృష్ణలోకే. రెండింటికీ వానే ఆధారం. నాలుగు నెలల జీతంతో పన్నెండు నెలల సంసారం అన్నమాట!

మరి ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చాయి? మనవాళ్ళు డిపాజిట్‌ని చేత్తో కట్టుకున్నారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో హైదరాబాద్ మునిగి, అంచనా ప్రకారం పదిహేను వేల మంది దాకా పోయారు. కారణాలు చూడ్డానికి 1909లో వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య తేల్చిన లెక్క ఏంటో తెలుసా? మూసీ పరీవాహకంలో 788 చెరువులు, వాటిలో 221 తెగాయి. పై చెరువు తెగితే ఆ నీళ్ళు కింది చెరువు మీద పడ్డాయి. సిక్కిం కథా దాదాపు ఇదే. నిలవ నీళ్ళు బతికిస్తాయి, గట్టు ఆగకపోతే ముంచుతాయి. అందుకే ఆయన ఊరికి ఎగువన వరదని ఆపే పెద్ద జలాశయాలు కట్టమన్నాడు. మూసీ మీద 1920లో ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి.

కాగ్నాకి ఇంకో డిపాజిట్ ఉంది, ఇసుక. చిన్నప్పుడు మే నెలలో ఏరంతా ఎండిపోయిందని నేనంటే, మా నానమ్మ "యాడికి వోలే బిడ్డా, ఇసుక కింద పండుకుంది" అని చేత్తో చెలమ తవ్వి నీళ్ళు చూపించింది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకుంటుంది. దాంతో కురిస్తే కుండపోతే. నాలుగు నెలల జీతం నాలుగు రోజుల్లో చేతిలో పడ్డట్టు! 2020 అక్టోబర్‌లో చూశాం, 2025 సెప్టెంబర్ చివర్లో మూసీ ఇమ్లీబన్ బస్టాండులోకి వచ్చినప్పుడూ చూశాం. ఇలాంటప్పుడు నిలవ చేసే చోట్లు ఇంకా ఎక్కువ కావాలి. మనమేం చేస్తున్నాం? చెరువుల్లో వెంచర్లేశాం, కాగ్నా ఇసుకని లారీలకెత్తాం. వికారాబాద్ దగ్గర దామగుండం అడవిలో 2,900 ఎకరాలు నౌకాదళ రేడియో సమాచార కేంద్రానికిచ్చి 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన చేశారు. దేశ రక్షణ అవసరమే, కాదనను. కానీ వాన నీటిని నేలలోకి దింపే ఆ అడవి విలువ కూడా లెక్కలో రాయాలి కదా.

హిమాలయాల మంచుని ప్రపంచమంతా కలిసి కరిగిస్తోంది. మన చెరువుల్ని, ఇసుకని కరిగించింది మాత్రం మనమే, అందులో నేనూ ఉన్నాను. లోన్ పెట్టి కొన్న నా ఫ్లాట్ ఒకప్పటి చెరువు శిఖంలో ఉందని రిజిస్ట్రేషన్ అయ్యాక తెలిసింది. ఈఎంఐ ఇంకా పదిహేడేళ్ళు కట్టాలి. గట్టిగా వాన పడిన రాత్రి ముందు సెల్లార్‌లోకి వెళ్ళి చూసొస్తాను.

డెహ్రాడూన్ అబ్బాయికి రేపు ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది. మీ ఊరి చెరువు ఇంకా ఉందా? ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ఓసారి చూసి రండి.