కోడిపుంజు వన్నెలు: తెలుగు పేర్లు, జన్యుశాస్త్రము

తెలుగుదేశమునందు కోడిపుంజును దాని వన్నెతో పిలుచుట చిరకాలపు వాడుక. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎఱ్ఱనిది డేగ, రెక్కలమీదను వీపుమీదను పసుపుఛాయ గలది నెమలి. మెడయందు నలుపు తెలుపులు సరిసమానముగా నున్నచో పర్ల. నలుపు, ఎరుపు, పసుపు మూడును కలిసినచో కౌజు. ఎరుపుతో బూడిదవన్నె చేరినచో మైల. తెల్లని మేనిపై అక్కడక్కడ నలుపో గోధుమవన్నెయో చిలికినట్లున్నది పింగళ. లేత బంగారుఛాయ గలది అబ్రాసు. ప్రాంతమును బట్టి ఈ పేర్ల అర్థమున కొంత భేదము కలదు. అయినను ఒక పెంపుడు పక్షి ఈకలను ఇంత నిశితముగా చూచి పేరు పెట్టిన పదసంపద సామాన్యమైనది కాదు. ఈ పేర్లు దేనికై ఏర్పడినవి, నేటి జన్యుశాస్త్రము వాటికి చెప్పు భాష్యమేమి, పెరటికోళ్ల సంకరమున వాటి గతి యేమగుచున్నది అను మూడు విషయములను ఇచట విచారింతము.

ఈ పేర్లకు మూలము పందెము. కోడిపోరు మన చరిత్రలో ప్రసిద్ధము. సంస్కృతమున దండి రచించిన దశకుమారచరితమున నారికేళజాతి పుంజునకును బలాకాజాతి పుంజునకును జరిగిన పోరు వర్ణింపబడినది. ఆ కథలను 13వ శతాబ్దమున కేతన తెలుగున కావ్యముగా వ్రాసెను. శ్రీనాథుని పల్నాటి వీరచరిత్ర ప్రకారము, నాయకురాలు నాగమ్మతో ఒడ్డిన కోడిపందెమున బ్రహ్మనాయుని పక్షము ఓడుటయే మలిదేవాదుల ఏడేండ్ల వనవాసమునకు కారణమైనది. పందెగాండ్ర నడుమ ప్రచారములోనున్న కుక్కుటశాస్త్రము ఏ పక్షమున, ఏ వారమున, ఏ వన్నె పుంజు ఏ వన్నె పుంజును గెలుచునో చెప్పును. అనగా ఆ శాస్త్రము అడిగిన ప్రశ్న జయమును గూర్చినది. జననమును గూర్చినది కాదు. జంతువులను పోరునకు పురికొల్పుటను 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము నేరముగా పరిగణించినది. కావున ఆ పదసంపదను పందెమునుండి వేరుచేసి చూచుట నేడు అవసరమును, ఉచితమును.

ఇందొక విశేషము గమనింపదగియున్నది. ఈ పేర్లు ప్రధానముగా పుంజును చూచి పెట్టినవి. డేగపుంజుతో ఒకే పొదుగున పుట్టిన పెట్ట ఎఱ్ఱగా నుండక, గోధుమవన్నెతో మట్టిలో కలిసిపోవునట్లుండవచ్చును. వారసత్వమున సగము పెట్టదే యైనను, పేరు లేనందున ఆ సగము లెక్కలోనికి రాలేదు.

పాశ్చాత్యదేశములలో ఈ ప్రశ్న వేరొక త్రోవను నడచినది. చార్లెస్ డార్విన్ నల్లని స్పానిష్ పుంజును తెల్లని సిల్కు పెట్టతో జతపరచెను. పిల్లలలో పెక్కు నల్లనివే. కాని ఒక పుంజునకు మాత్రము అడవికోడి ఎఱ్ఱవన్నెలు తిరిగివచ్చినవి. ఈ సంగతిని ఆయన 1868లో ప్రకటించెను. మన పేర్లతో చెప్పవలెనన్న, కాకికిని తెల్లపెట్టకును పుట్టినది డేగ! దీనికి కారణము తెలియుటకు మెండెల్ సూత్రములు 1900లో తిరిగి వెలుగులోనికి రావలసివచ్చెను. ఆ సూత్రములు జంతువులకును వర్తించునని 1902లో విలియం బేట్సన్ కోళ్ల జుట్టు ఆకృతులను పరిశీలించి నిరూపించెను.

అటుపిమ్మట తేలిన నియమములలో మన పెరటికి పనికివచ్చునవి నాలుగు. మొదటిది, నలుపు ఎరుపును మరుగుపరచును. కాకికిని డేగకును పుట్టిన పిల్లలు మిక్కిలిగా నల్లనివే. పుంజుల మెడమీద మాత్రము ఎరుపు తొంగిచూచును. ఆ పిల్లలను తమలో తాము జతపరచినచో రెండవ తరమున ఎరుపు మరల బయటపడును. కాకిడేగ, కాకినెమలి వంటి జంటపేర్లు ఇట్టి మిశ్రమమును మనవారు కనిపెట్టిరనుటకు సాక్ష్యములు.

రెండవది, తెలుపు ఒక్కటి కాదు. లెగ్‌హార్న్ కోడి తెలుపు రంగునణచెడి తెలుపు. ఒక పాలున్నను చాలును, పిల్ల తెల్లనిదగును. కాని అది నలుపును అణచినంతగా ఎరుపును అణచలేదు. అందుచేత అట్టి సంకరమున పింగళను పోలిన పిల్లలు పుట్టుచుండును. ఈ జన్యువును 2004లో గుర్తించిరి. ఇంకొక తెలుపు తల్లిదండ్రులిరువురి నుండియు వచ్చిననే గాని కనబడదు.

మూడవది, బూడిదవన్నె నిలుకడ లేనిది. బేట్సన్, పన్నెట్ పండితులు అండలూసియా కోళ్లలో చూపినట్లు, రెండు బూడిదకోళ్లను జతపరచినచో పిల్లలలో నాలుగవ వంతు నలుపు, సగము బూడిద, నాలుగవ వంతు మచ్చల తెలుపు. ఎన్ని తరములు ఏరినను ఆ వన్నె స్థిరపడదు.

నాలుగవది, కొన్ని వన్నెలు లింగమును అనుసరించును. పెట్ట తన చారలను, వెండిఛాయను కొడుకులకే ఈయగలదు. పుంజు ఇరువురకును ఈయగలదు. చారల పెట్టను నల్లని పుంజుతో జతపరచినచో కొడుకులు చారలతోను, కూతుండ్రు చారలు లేకయు పుట్టుదురు.

దక్షిణదేశపు పక్షికిని ఈ వారసత్వమున పాలు కలదు. పెంపుడుకోడికి ముఖ్యమూలము ఎఱ్ఱ అడవికోడియే యైనను, పసుపుకాళ్ల లక్షణము మన దక్షిణాపథపు బూడిద అడవికోడినుండి వచ్చినదని 2008లో వెల్లడియైనది.

ఈ చరిత్రలో మన బెంగుళూరునకును స్థానము కలదు. హోసూరు, సర్జాపుర రహదారుల పేర మన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ అగర మొదలగు గ్రామముల పొలములపై వెలసినది. పల్లెలు పేటలైనప్పుడు పెరళ్లు పోయినవి. పెరళ్లతో కోళ్లును పోయినవి. ఇదే నగరమున హెబ్బాళమునందు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారు గిరిరాజ కోడిని రూపొందించిరి. హైదరాబాదున రాజేంద్రనగరమునందలి కోళ్ల పరిశోధన సంస్థ వనరాజను, గ్రామప్రియను వెలువరించినది. ఇవి ఊరకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును, త్వరగా బరువెక్కును. గిరిరాజ, వనరాజలు తెల్లనివి గాక రంగురంగుల ఈకలు గలవగుట గమనింపుడు. ఆరుబయట తిరుగు తెల్లకోడి గ్రద్దకును కుక్కకును సులభముగా కనబడును. పల్లెవాసులు తమ ఊరకోడి వన్నెగల పక్షినే కోరుదురు. పరిశోధనశాల పల్లె చూపును మన్నించిన సందర్భమిది.

కాని ఇందే యొక ప్రమాదము పొంచియున్నది. వన్నె నాటుకోడిదిగా నున్నంతమాత్రమున జాతి నాటుది కాదు. ఈకల రంగును నిర్ణయించు జన్యువులు కొన్నియే. దేహదార్ఢ్యము, పొదుగు గుణము, రోగమునకు ఓర్చుకొను శక్తి వేరు జన్యువుల అధీనమున నుండును. రంగుకోడితో అసీలు పెట్ట కలిసినప్పుడు పుట్టిన డేగ చూపునకు డేగయే. లోన సగము పరాయిది. అట్టి సంకరము కొన్ని తరములు సాగినచో పేరు మిగులును, పక్షి మిగులదు. కుక్కుటశాస్త్రము వన్నెను చూచి జయమును ఊహించినది. మనము వన్నెను చూచి జాతిని ఊహించినచో పొరపాటు అంతకంటె చిన్నది కాదు.

కావున చేయవలసిన పని యిది. మన ఊళ్లలో వృద్ధులు చెప్పు వన్నెల పేర్లను ప్రాంతభేదములతో సహా చిత్రములు చేర్చి నమోదు చేయవలెను. కోళ్లు పెంచువారు పుంజు వన్నెతోపాటు తల్లి వన్నెను, పిల్లల సంఖ్యను, వాటి రంగులను వ్రాసి యుంచవలెను. అసీలు జాతిని పరీక్షింపని సంకరమునుండి వేరుగా పోషింపవలెను. పూర్వులు పుంజునకు పేరు పెట్టిరి. పెట్టను లెక్కలోనికి తెచ్చు భారము మనది. ఆ రెండును ఒక్కచోట చేరిననాడు కాకి, డేగ, నెమలి అను మాటలు పందెపుబరిని వీడి శాస్త్రమున తమ స్థానమును పొందగలవు.