పేరు పెట్టి పిలుద్దాం

మా రెంటచింతల ఎండల సంగతి మీకు తెలియనిది కాదు. ఆ ఎండలోనే పిల్లలు వీధిలో క్రికెట్ ఆడుతున్నారు. "ఒరే మూగోడా, బంతి!" అని ఒకడు కేకేశాడు. ఆ పిల్లాడికి వినపడలేదు. గడపలో కూర్చున్న వాడి తల్లికి వినపడింది.

అమెరికాలో 1888 నుంచి 1902 దాకా పెద్ద లీగుల్లో బేస్‌బాల్ ఆడిన విలియం హోయ్‌కీ చెవుడే. ఆట మెచ్చుకున్నవాళ్లు కూడా ఆయన్ని 'డమ్మీ' అనే పిలిచారు. మూగోడనే దాని అర్థం.

మన కర్నూలు అమ్మాయి షేక్ జాఫ్రీన్ 2022లో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో పృథ్వీ శేఖర్‌తో కలిసి టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచింది. అక్కడ చెవి మిషన్ తీసేసి ఆడాలి. బంతి చప్పుడైనా తెలియదు, కళ్లే చెవులు. ఆమెను పేపర్లో పేరుతోనే చదువుకున్నాం.

పతకం తెస్తేనే పేరా? భుజం తట్టి, పేరు పెట్టి పిలిస్తే మన సొమ్మేం పోతుంది చెప్పండి!