భిలాయి అక్కడే ఎందుకు పుట్టింది?

విద్యార్థులారా! సంత చుట్టూ పెరిగిన ఊళ్లు మీకు తెలుసు. దారులు కలిసేచోట నాలుగు అంగళ్లు వెలుస్తాయి. వందల ఏళ్లకు అది పట్టణమవుతుంది. భిలాయి కథ వేరు. 1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దుర్గ్ పట్టణం పక్కన, పల్లెల నడుమ ఉక్కు కర్మాగారం లేచింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ కొలిమిని ప్రారంభించారు.

అక్కడే ఎందుకు? పటం ముందు పెట్టుకోండి. దక్షిణాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో దల్లీ-రాజహరా ఇనుప గనులున్నాయి. దగ్గరలో నందినిలో సున్నపురాయి దొరుకుతుంది. తాండులా జలాశయం నీరిస్తుంది. హౌరా-ముంబై రైలుమార్గం పక్కనే ఉంది. తూర్పు గనుల బొగ్గు దాని మీదుగా వస్తుంది.

ఇక్కడ కాస్త రసాయనశాస్త్రం గుర్తుచేసుకుందాం. హెమటైట్ ఎంత శుద్ధమైనదైనా అందులో ఇనుము 70 శాతమే. కొలిమిలో కోక్ వల్ల ఆక్సిజన్ తొలగిపోతుంది. సున్నపురాయి ఇసుక వంటి మాలిన్యాలతో కలిసి లోహమలంగా మారుతుంది. టన్ను ఇనుముకు సుమారు ఒకటిన్నర టన్నుల ఖనిజం కావాలి. అంత బరువును దూరం మోయడం కంటే కొలిమినే ఖనిజానికి దగ్గరగా కట్టడం మేలు కదా!

కొలిమి వెంట మనుషులు వచ్చారు. పల్లెల పొలాల్లో సెక్టార్లు వెలిశాయి. భూములిచ్చిన ఛత్తీస్‌గఢీ రైతుల పక్కనే తెలుగువారు, బెంగాలీలు, మలయాళీలు స్థిరపడ్డారు. ఇక్కడ తయారైన పట్టాల మీదే మన రైళ్లు పరుగెత్తాయి.

అయితే భిలాయి చరిత్ర భిలాయిలోనే ముగిసిపోదు. దాన్ని పోషించిన గని ఊరిని మరచిపోకూడదు. సెక్టార్లలో ఇళ్లు, బడులు, ఆసుపత్రి ఉన్న కాలంలో, దల్లీ-రాజహరాలో కాంట్రాక్టు కార్మికులు చాలీచాలని కూలికి ఖనిజం తవ్వారు. 1977లో వారు శంకర్ గుహా నియోగి నాయకత్వంలో సొంత సంఘం పెట్టుకున్నారు. 1983లో షహీద్ ఆసుపత్రిని తామే నిలబెట్టుకున్నారు. 1991 సెప్టెంబరు 28న నియోగి హత్యకు గురయ్యారు.

పంట కోస్తే మళ్లీ పండుతుంది, ఖనిజం పండదు. రాజహరా నిల్వలు తరిగిపోతుండడంతో కర్మాగారం ఇంకా దక్షిణాన ఉన్న రావ్‌ఘాట్ కొండల వైపు చూడవలసి వచ్చింది. కొలిమికి కొత్త గని దొరకవచ్చు. మరి పాత గని ఊరి సంగతేమిటి? మీ ఊరు దేని ఆధారంగా నిలిచిందో, ఆ ఆధారం ఎన్నాళ్లుంటుందో మీరూ ఒకసారి ఆలోచించండి.